పెద్ద ప్లగ్గు

సిగ్గుండాల కదక్కా, మనిషన్నాక? నీ ఫొటోకి దండేసి ఇన్నాళ్లయినా నా ఒంటి కంపరం తగ్గలేదు.

ఎవులేటి, నీ మరిదే, నా మొగుడే! గజపతినగరంలో కొట్టు కట్టేసి మరీ నీ సావుకొచ్చిన మహానుభావుడు. అలా నవ్వకే ఫొటోలోంచి. నీకేటి తెలుసు, అప్పుడు నువ్వు పెట్టెలో ఉన్నావు.

ఆ కరెంటు కారు కొన్నకాడ్నుంచీ ఇదే గోల. పప్పు కొనడానికొచ్చినోడికీ, పేరంటానికొచ్చిన ఆడోళ్లకీ అదే పాఠం. "పెట్రోలు కారైతే కిలోమీటరుకి ఏడు రూపాయలు, నాదైతే రూపాయి!"

ఆ పొద్దున తన్మయి ఫోన్ సేసింది. "పిన్నీ, అమ్మ లేదు" అంది. అదే కారెక్కాం. ముందురోజు విశాఖపట్నం తిరిగొచ్చి చార్జింగు పెట్టలేదట. దార్లో చార్జింగు స్టేషను కనపడితే "ఆపండి" అన్నాను. ఆపితేనా?

"ఇక్కడ యూనిట్టు రేటు ఇంటి మీద మూడింతలు. ఇక్కడెట్టిస్తే పెట్రోలు కారుకీ దీనికీ తేడా ఏటుంటాది?"

ఏసీ కట్టేశాడు. నత్తలాగ నడిపాడు. సెమటా కన్నీరూ కలిపి తుడుసుకుంటా ఆమదాలవలస సేరాను.

నీ పక్కన కూకున్నాను. బెంగుళూరు నుంచి నీ కొడుకు ఉపేంద్ర సాయంత్రానికి గానీ రాడని నిన్ను ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. అది గుయ్యిమంటంటే, నువ్వే గురకెడతన్నావేమో అనిపించింది. ఉన్నట్టుండి ఆగిపోయింది! కరెంటు పోయిందా అంటే, పైన ఫ్యాను తిరుగుతానే ఉన్నాది. అద్దానికి సెమ్మ పట్టి నీ మొకం మసకైపోతన్నాది.

సూస్తే ఏటి? నీ పెట్టె వైరు పీకేసి, ఇంట్లో ఉన్న ఆ ఒక్క పెద్ద ప్లగ్గులో కారు వైరెట్టాడు! కిటికీలోంచి వీధిలోకి లాగి, షామియానా కింద కూకుని మీ వీధోళ్లకి సెప్తన్నాడు, రూపాయట, ఏడు రూపాయలట. ఛీ!

"ఏటండీ ఇది?" అన్నాను.

"ఓ అరగంటే. పెట్టెలో సల్లదనం అప్పుడే పోద్దేటి? తిరిగెళ్లాలా, వద్దా?"

తన్మయి అక్కడే ఉందక్కా. నా వైపు సూసింది, అంతే. ఆ సూపుకి నేను సగం సచ్చిపోయాను. వైరు పీకి కిటికీలోంచి విసిరేశాను. పెళ్లయినకాడ్నుంచీ ఆయనకి ఎదురు తిరిగింది అదే. "మతి పోయిందేటే నీకు?" అని అరిశాడు, అందరి ముందూ. నీ పెట్టె వైరెట్టి, అద్దం కొంగుతో తుడిసి, మళ్లీ నీ పక్కన కూకున్నాను.

సాయంత్రం నిన్ను తీసుకెళ్లిపోయారు. స్మశానం నుంచొచ్చి ఇంకా తల కూడా ఆరలేదు, ఏటి సేశాడో తెలుసా? తన్మయినడిగి అదే ప్లగ్గులో ఎట్టుకున్నాడు. "ఇప్పుడు ఖాళీయే కదమ్మా" అన్నాడట!

ఆ రాత్రే ఆయనొక్కడూ ఎళ్లిపోయాడు, నేనిక్కడే ఉండిపోయాను. రేపొస్తాడు, నన్ను తీసుకెళ్లడానికి. ఎక్కనని సెప్దామనుకున్నాను.

ఎక్కుతానక్కా. ఎక్కక ఎక్కడికెళ్తాను? ఆయన పక్కన కాదు, ఎనక సీట్లో కూకుంటాను, అంతే.