వెలుతురు ఎటువైపు

తాడేపల్లిగూడెంలో ఒక కంటి ఆసుపత్రి. కర్టెన్లు వేసిన గదిలో కుర్చీలో యేసుదాసు, ఎదురుగా బల్ల మీద ఆయన భార్య సువర్ణ, చేతిలో టార్చితో కళ్లు పరీక్షించే హరిప్రియ.

“కదలకండి బాబాయిగారూ. ఎడమ కన్ను మూసేశాను కదా, కుడి కంటితో చెప్పండి. లైటు ఎటువైపు నుంచి వస్తోంది?”

“పైనుంచమ్మా.”

“ఇప్పుడు?”

“కింద. కింద నుంచి. విన్నావా సువర్ణా? అన్నీ చెప్పేస్తున్నాను. ఆ ఏలూరు ఆసుపత్రి వాళ్లకి టెస్టు చేయడం రాలేదు.”

“మాట్లాడకండీ. ఆ అమ్మాయిని చూసుకోనివ్వండి.”

“శుక్లం ముదిరి తెల్లగా అయిపోయింది పిన్నిగారూ. వెనకాల రెటీనా మాకు కనపడదు. అది పనిచేస్తోందో లేదో ఇలా లైటు వేసి, అడిగి తెలుసుకుంటాం. పనిచేస్తేనే ఆపరేషన్ వల్ల ఉపయోగం. చెప్పండి బాబాయిగారూ, ఇప్పుడెటు?”

“కుడివైపు.”

“ఇప్పుడు?”

“ఎడమవైపు. చెవి దగ్గర్నుంచి.”

“సరేనండి.”

“సరే అంటే? పాసేనా?”

“పిన్నిగారూ, కింద కౌంటర్లో షుగర్ రిపోర్టు ఇచ్చారేమో కనుక్కొస్తారా?”

“పొద్దున్నే ఇచ్చారు కదమ్మా, ఆ ఫైల్లోనే...”

“ఇంకోటి ఉందండి. కాస్త వెళ్లి రండి.”

“అలాగేనమ్మా.”

“వెళ్లిందా తల్లీ?”

“వెళ్లారండి. బాబాయిగారూ, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. చివరి రెండుసార్లూ నేను టార్చి వెలిగించలేదు.”

“వెలిగించలేదా?”

“లేదండి. చెయ్యి మాత్రం అటూ ఇటూ జరిపాను. నా గాజుల చప్పుడు విని చెప్పారు మీరు. అవునాండీ?”

“ఏం చెప్పమంటావమ్మా. తల ఎత్తలేకపోతున్నాను. గణపవరం చర్చిలో సంఘపెద్దని నేను. అబద్ధమాడొద్దని పిల్లలకి ఆదివారం ఆదివారం చెప్పేవాణ్ణి.”

“వెలుతురు అసలు తెలియట్లేదా?”

“ఆ కంటికి పగలో రాత్రో కూడా తెలీదు. రెండేళ్లయింది.”

“మరి ఎందుకండీ ఇలా? నేను తెలుస్తోందని రాస్తే డాక్టరుగారు ఊరికే కన్ను కోస్తారు.”

“కొయ్యనీ.”

“అదేం మాటండీ!”

“నీకు తెలీదు తల్లీ. చెరువు గట్టున వల కడుతుంటే కంట్లో వెదురుపుల్ల గుచ్చుకుంది. ఆసుపత్రికి పోదామన్నాను. వాళ్లమ్మ చెప్పిన వైద్యమని, నందివర్ధనం పూల రసం పిండి పోసింది సువర్ణ. పది రోజులు పోసింది. పాపం, మంచే అనుకుంది.”

“పుల్ల లోపలికి దిగితే చూపు ఆ రోజే పోయి ఉండొచ్చండి. రసం వల్లే అనలేం.”

“ఉండొచ్చా? పోయిందా?”

“అది ఇప్పుడు ఎవరం చెప్పలేమండి.”

“చూశావా. మొన్న ఏలూరులో ‘ఆ కంట్లో ఏమీ లేదు’ అన్నారు. బస్సులో దెందులూరు దాటాక చూస్తే సువర్ణ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. అందుకే వాళ్లకి చేతకాలేదని చెప్పి ఇక్కడికి తీసుకొచ్చాను. వెలుతురు తెలుస్తోందని రాయి తల్లీ. ఆపరేషన్ అయ్యాక చూపు రాకపోతే దేవుని చిత్తం అనుకుంటుంది. ఇప్పుడైతే తన చెయ్యే అనుకుంటుంది.”

“రాయలేనండి. ఎడమ కంట్లో శుక్లానికి చేయిద్దాం, చూపు బాగా వస్తుంది. దీనికి మాత్రం రాయలేను.”

“చేతులు పట్టుకుంటానమ్మా.”

“అయ్యో, అలా చేయకండి బాబాయిగారూ. చెయ్యి వదలండి. అరె, పిన్నిగారూ! ఎప్పుడొచ్చారు?”

“నేను వెళ్లలేదమ్మా. తలుపు అవతలే నిలబడ్డాను.”

“సువర్ణా! విన్నావా?”

“వినక్కర్లేదండీ. టార్చి వెలగలేదని ఎదురుగా కూర్చున్న నాకు కనపడదా?”

“మరి అప్పుడే అనలేదేం?”

“ఏమని అనను? ఆ కంట్లో ఏమీ లేదని రెండేళ్ల నుంచీ తెలుసు నాకు.”

“తెలుసా? ఎలా తెలుసు?”

“ఆ పక్క నుంచి వస్తే మీరు గమనించరు కదండీ. అందుకే కదా, అన్నం ఎప్పుడూ మీకు కుడిపక్క నుంచే వడ్డిస్తున్నాను. నా మొహం మీకు కనపడకూడదని.”