కొండో మబ్బో

కాళ్లు తర్వాత కడుగుదువుగానీ వాసంతీ, ముందు ఈ కల్లం చూడు!

నిన్న మధ్యాహ్నం దాకా గలగలలాడిన మిరపకాయ. ఇయ్యాల తొక్కితే మెత్తగా కాలికి అంటుకుంటంది. ఏడాది పంటమ్మా ఇది!

వాతావరణం రాడార్ ఆఫీసులో తెర ముందు కూర్చునేదానివి. మన వైపు మబ్బు కనపడగానే ఫోన్ చేస్తా బాబాయ్ అన్నావా లేదా? అన్న కూతురివని నమ్మా. వాన మొదలయ్యాక చేశావే! తడుస్తా ఎత్తా ఆ ఫోను.

అప్పటిదాకా ఏం చేస్తన్నావు? సెల్లు చూసుకుంటన్నావా? ఒట్లు పెట్టమాక. నాకు ఒట్లంటే గిట్టదు.

ఇంకోటి అడగనా? నకరికల్లులో మీ అత్తగారి కల్లం మీద వానకు ముందే పట్టాలు కప్పున్నాయంట. మన కాయ తోలే ఇలియాస్ లారీలో వస్తా చూశాడు. వాళ్లకు ముందు చెప్పి, మాకు తర్వాత చేశావా?

ఏందీ? మీ మామ ఆకాశం చూసి కప్పుకున్నాడా?

ఊఁ... నేనెందుకు చూడలేదంటే, నీ ఫోన్ వస్తదని జేబు తడుముకుంటా కూర్చున్నా. అయినా ఇప్పుడు నా సంగతి కాదు!

నిజం చెప్పు. తెర మీద మబ్బు ఎప్పుడు కనపడింది?

ముందేనా? చూసి కూడా చేయలా!

గొణగమాక, గట్టిగా చెప్పు. కొండా? ఏ కొండ?

ఓహో, పోయిన వారం సంగతి. నల్లమల కొండే తెర మీద మబ్బులా కనపడితే కంగారుగా ఫోన్ చేశావు. ఎర్రటి ఎండలో కాయంతా కప్పించా. పట్టా కింద ఉడికి తెల్లమచ్చలేసింది. కూలోళ్ల ముందు స్పీకర్ పెట్టి మరీ అన్నా, "పల్నాడులో పుట్టి కొండకీ మబ్బుకీ తేడా తెలవదు, నీదేం ఉద్యోగమే" అని. అందరూ పడీపడీ నవ్వారు. తప్పును తప్పనకపోతే ఎట్టా?

అంటే... ఈసారి కొండో మబ్బో తేల్చుకుని చేద్దామని ఆగావా? మళ్లీ అందరి చేతా నవ్విస్తాననా?

సరే, ఏడవమాక. ఆ పట్టా చివర పట్టుకో. అడుగున ఎక్కడన్నా పొడికాయ మిగిలిందేమో చూద్దాం.

రేపటి నుంచి ఏది కనపడినా చెయ్యి. కొండైనా చెయ్యి. తిట్టనని మాత్రం మాటివ్వను, నా నోరు నాకు తెలుసు.

తిడతా. అయినా చెయ్యి.