గడ్డవాడ నీళ్లు

నాలుగే నాలుగు దినాలు మేడం! నేనేమన్న దుబాయ్ పోత అంటున్ననా? బోధన్. పొద్దుగాల ఆర్మూర్ల బస్సెక్కితే పగటీలికి చేరేటి బోధన్. గా నాలుగు దినాల ఛుట్టీకి నన్ను వారం సంది తిప్పుతున్నరు.

మీ తప్పు లేదు లెండ్రి. పంచాయతీకి సెక్రటరీగ వచ్చి రెండు నెలలు గాలే. కని ఊరంతా ఒక్కటే మాట. "జలీల్ పోతే నీళ్లెవలిడుస్తరు?" ఇరవై రెండేండ్ల సంది గిదే. నేను మనిషినా, మోటరునా? మోటరుకైతె కరెంటు పోయినప్పుడన్న సుఖముంటది.

బోధన్ల నా బిడ్డ హిబాకు ఎల్లుండి ఆపరేషన్. రెండో కాన్పు. వాళ్లమ్మ మదీనా కాలం చేసింది, పుట్టింటి తరఫున నేనొక్కన్నే. మొదటి కాన్పప్పుడు గూడ గిట్లనే, పసుపు ఉడకవెట్టే దినాలు. ఇంటింటికి డ్రమ్ములు నింపుడే, నల్లాలకు మోటర్లు వెట్టి గుంజుడే. రెండు దినాలు ఆగు జలీల్ అన్నరు. ఆగిన. పుట్టిన పిలగాడు ఒక్క పూట బతికిండు. నేను పోయేసరికి మట్టి గూడ ఇచ్చేసిన్రు. పిడికెడు మట్టి ఎయ్యనీకి నాకు దొరకలే మేడం.

మొన్న ఫోన్ల హిబా ఏమన్నదో తెల్సా? "అబ్బాజాన్, ఊరోళ్లకు నీళ్లిడిసినంకనే రా" అన్నది. కోపంతోని అనలే. గదే నా పానం తీస్తున్నది.

ఏందీ? మన పంచాయతీల చేసే లక్ష్మీనర్సయ్యకు అప్పజెప్పాల్నా? అయ్యో, అదీ అయింది గద! పోయినేడు నాకు జరమొచ్చి పడితే మూడు దినాలు ఆయన్నే ఇడిసిండు. కింది వాడలల్ల మోరీలు నిండి పారినయ్. మీద గడ్డవాడల ఒక్క బిందె నిండలే. గా వాడ రత్నవ్వ ఖాళీ బిందెలు తెచ్చి గీ ఆఫీస్ గడప మీద వరుసగ వెట్టి కూసున్నది. పాపం లక్ష్మీనర్సయ్య, గా దినం సంది వాల్వు తిప్పే రాడ్డు చూస్తెనే దూరం జరుగుతడు.

నేను దుప్పటి కప్పుకొని వచ్చి నీళ్లెక్కిచ్చిన. జలీల్ చెయ్యి వడితెనే గడ్డెక్కుతయని అందరన్నరు. మస్తు ఖుషీ అయిన. ఎందుకు గాను?

వాల్వులు ఎట్ల తిప్పాల్నో రాసియ్యాల్నా? ఏమని రాసియ్య? బడికాడి వాల్వు ఎనిమిది సుట్లు మూస్త. మసీదుకాడిది ఆరు, ఒకనాడు నాలుగున్నర. పసుపు దినాలల్ల ఇంకో తీరు. రాడ్డు వాల్వు మీద నిలవెట్టి, మీది కొసకు చెవి ఆనిస్త. లోపట సన్నగ ఈల వినవడుతది. గప్పుడు ఆపాలె. ఎక్కువ తిప్పితే పైపు పగుల్తది, తక్కువ తిప్పితే నీళ్లు మీదికెక్కయ్. గా ఈలను కాయితం మీద ఎట్ల రాస్తరు? మీరు రాస్తరా?

నవ్వకుండ్రి మేడం.

ఏమడిగిన్రు? గడ్డవాడకు సొంత వాల్వు లేదా అనా?

గీ మాట ఇన్నేండ్లల్ల ఎవ్వలడగలే. గీ కుర్చీల ఎంతమంది కూసుండి పోయిన్రు, ఒక్కరన్న అడగలే. మీరు అడిగిన్రు.

జర తలుపు దగ్గరికెయ్యుండ్రి.

ఉన్నది మేడం. ఇప్పుడు సగమే తెరిచున్నది, అది పూర తిప్పితే సాలు, గడ్డవాడకు నీళ్లే నీళ్లు. చెవి వెట్టుడు వద్దు, సుట్లు లెక్కవెట్టుడు వద్దు. రత్నవ్వ గూడ తిప్పొచ్చు. ఆమె ఇంటి ముందట్నే ఉన్నది, సిమెంట్ రోడ్డు కింద.

తొమ్మిదేండ్ల కింద గా రోడ్డు ఏసిన్రు. గప్పుడే నన్ను తీసేసి ముఖేష్‌ను వెడ్తరని మాట పుట్టింది. ఐటీఐ చదివినాయన. నాకా, గుంట భూమి లేదు. నీళ్లిడుసుడు తప్ప ఇంకో పని రాదు. రోడ్డు మేస్త్రీ నన్నే అడిగిండు. "జలీల్ భాయ్, ఈడ కింద ఏమన్న ఉన్నదా?" వాల్వు గుంత మూత మీద అప్పటికే మన్ను వడ్డది. "ఏం లేదు, పోసెయ్" అన్న.

గంతే. ముఖేష్ వారం దినాలు చేసిండు, గడ్డవాడోళ్లు తిడితే ఇడిసిపెట్టి పోయిండు. నా పని నాకు మిగిలింది. ఇగ జలీల్ లేకుంటే ఊరు నడవదనుకున్న. నడుస్తలేదు సూడుండ్రి మరి!

తర్వాతన్న ఎందుకు చెప్పలేదంటరా? ఎవ్వలకు చెప్పాలె? రత్నవ్వకు చెప్పాల్నా? నీళ్లొచ్చినప్పుడల్లా నీ కడుపు సల్లగుండ జలీలూ అంటది. గామెకు చెప్పాల్నా? మనుమడు పుట్టినప్పుడు నోటిదాంక వచ్చింది. చెప్తే ఆ దినమే రోడ్డు తవ్వుతుండ్రి, నేను బస్సెక్కుతుంటి. చెప్పలే. పని పోతదని భయం. ఊరోళ్లు ఆపిన్రని బిడ్డకు చెప్పిన. ఊరోళ్లు గాదు మేడం, నేనే ఆపుకున్న.

ఏందీ? రోడ్డు తవ్వాలంటే పైనుంచి మంజూరు రావాల్నా? పది దినాలా? ఎల్లుండి మేడం ఆపరేషన్! ఎల్లుండి!

మరి నేనే గడ్డపార తీస్కపోయి పగలగొట్టనా? ఎక్కడ పగుల్తది. రోడ్డు ఏసినప్పుడు మంచిగ గట్టిపడాలని దాని మీద గోనెసంచులు పరిచి, ఇరవై ఒక్క దినాలు పొద్దుమాపు నీళ్లు వోసింది నేనే గద.