పడవలు: సున్నా

"నీ దిద్దుబాటు పడకుండా ఆ రిపోర్టు నా టేబుల్ దాటదు షానవాజ్, మాటిస్తా ఉండాను." ఈ మాట ఎవురన్నారు సార్? ఈ రేణిగుంట రోడ్డు ఆఫీసులోనే, ఈ కుర్చీలోనే కూచోని, జనవరిలో మీరే అన్నారు. నేను నమ్మినాను. దిద్దుబాటు రెండు పేజీలు టైపు చేసి మీ చేతికిచ్చినాను. మీరు దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఫైల్లో ఉండాల్సిన కాగితం జేబులోకి పోయినప్పుడే నాకు అర్థం కావాల్సింది.

టీ వద్దు సార్. రంజాను కదా, రోజా ఉండాను. మీరు తాగండి, నాకేం ఇబ్బంది లేదు.

అరవడానికి రాలేదు. ఆ ఓపిక నిన్ననే అయిపోయింది. నిన్న ప్రజాభిప్రాయ సేకరణకు మీరు రాకుండా నన్ను పంపినారు కదా. షామియానా కింద చివరి వరసలో కూచున్నాను. పులికాట్ గాలికి గుడ్డ టపటపా కొట్టుకుంటా ఉండాది. మన రిపోర్టు అందరికీ పంచినారు. నేను మొదట తీసింది నలభై రెండో పేజీ. గ్యాస్ పైపులైను సరస్సులో ఏ కాలవ కింద పోతుందో, ఆ కాలవలో చేపల వేట ఎంత జరుగుతుందో రాసిన పేజీ. 'మూడు రోజుల పరిశీలన. పడవలు: సున్నా. వలలు: సున్నా. ఈ కాలవలో వేట లేదు.'

నా దిద్దుబాటు యాడుంది సార్? అడుగున చిన్న అక్షరాల్లో అన్నా లేదు.

'చిన్న సర్దుబాటు' అంటారు మీరు. చిన్నదా? ఆ కాలవ మూడు పల్లెలది. చీటీలేసి వంతులు పంచుకుంటారు. ఒక పల్లె వంతు అయిపోయినాక, ఇంకో పల్లె వల దించే ముందర, మూడు రోజులు ఎవురూ ఆ నీళ్ళు ముట్టుకోరు. రొయ్య నిలదొక్కుకోవాలని తాతల నాడు పెట్టుకున్న కట్టుబాటు. నవంబరులో నేను సరిగ్గా ఆ మూడు రోజులే పోయినాను. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకోని, పొద్దున ఆరు నించి సాయంత్రం ఆరు దాకా రాసినాను. సున్నా, సున్నా, సున్నా. శుక్రవారం మధ్యాన్నం నమాజు వేళకు దర్జీ అంగడికి పోయి, తలుపు మూసి ఉండాది కాబట్టి ఈ ఊళ్ళో గుడ్డలు కుట్టేవాడే లేడని రాసుకొచ్చినట్టు.

నిన్న పెంచలయ్య లేచినాడు. సర్వే మూడు రోజులూ నన్ను తన పడవలో ఆ కాలవ గట్టు దాకా తెచ్చి దించిన మనిషి, అరవై దాటినాయి. మైకు పట్టుకోను రాక గడ్డానికి ఆనించుకున్నాడు.

"ఆ కాలవలో మా పల్లెవే నలభై పడవలు దిగుతాయి సామీ. తవ్వి పైపు ఏస్తే మూడేండ్లు ఆడికి రొయ్య రాదు. ఈ కాగితంలో మేము లేమని రాసినారు. మేము లేకపోతే ఇప్పుడు మాట్లాడేది ఎవురు?" అన్నాడు.

జనం నవ్వినారు. స్టేజీ మీద ఆఫీసరు కూడా నవ్వినాడు. నవ్వి, రిపోర్టు చివరికి తిప్పినాడు. చివర్లో ఏముంటాయి సార్? మన బయోడేటాలు.

మైకులో చదివినాడాయన. "షానవాజ్, పెట్రోలియం ఇంజనీరు. తీరప్రాంత సర్వేల్లో ఎనిమిదేళ్ళ అనుభవం. చమురు, గ్యాస్ అనుమతుల నిపుణుడు. చూడు పెద్దాయనా, ఇంత చదువుకున్న మనిషి మూడు రోజులు ఆడ కూచోని చూసి రాసినాడు. నీకు తెలిసినంత ఆయనకు తెలియదా?"

పెంచలయ్య జనంలో నన్ను వెతికినాడు. దొరికినాను. "ఆ అబ్బాయికి తెలుసు సామీ, ఆయన్నే అడగండి" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూసినారు.

నేను లేచినానా? లేదు సార్. చెప్పుల కింద ఇసకను చూస్తా కూచున్నాను.

అయిపోయినాక ఆయన భార్య అక్కమ్మ నా పక్కన ఆగింది. తిడతాదనుకున్నాను. తిట్టలేదు. "ఎనిమిదేండ్లా నాయనా? చూస్తే మా చిన్నోడంత ఉండావే" అనింది.

నాకు ఇరవై ఏడు. ఎనిమిదేళ్ళంటే పంతొమ్మిదో ఏట నించి నేను తీరాలు కొలస్తా ఉండాల. పంతొమ్మిదో ఏట నేను లెక్కల పేపరు తప్పి సప్లిమెంటరీ రాస్తా ఉండాను.

అందరూ ఇట్లే రాస్తారంటారా? రాస్తారు. నాది పెట్రోలియం ఇంజనీరింగే, కాదనను. గోదావరి పక్క గ్యాస్ బావి తవ్వే ఒక రిగ్గు మీద పదకొండు నెలలు ట్రైనీగా పని చేసినాను. బావిలోకి పంపే బురద చిక్కదనం చూడటం నా పని. పదివేల అడుగుల కింద రాతిలో గ్యాస్ ఎంతుందో లెక్కకట్టమంటే కడతాను. నడుముల్లోతు నీళ్ళలో రొయ్య యాడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో నాకేం తెలుసు? అది తెలిసినాయన స్టేజీ కింద నిలబడినాడు. ఆయనకు బయోడేటా లేదు.

మీ బయోడేటా కూడా చదివినాను, తిరిగి వస్తా బస్సులో. అందరి కన్నా ముందు మీదే. రఘునాథ్, ఇరవై రెండేళ్ళు చమురు బావులు తవ్వించినారు. తొమ్మిదేళ్ళు అనుమతులిచ్చే ఆఫీసులో కూచున్నారు. ఇప్పుడు ఆ అనుమతులు ఎట్లా తెచ్చుకోవాలో కంపెనీలకు చెప్తా ఉండారు. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నాకు బాధ. ఏ ప్రశ్న అడగాలో రాసిన చేత్తోనే ఆ ప్రశ్నకు జవాబు రాస్తా ఉండారు. ఇంక ప్రశ్నకు విలువేముంటాది సార్?

నవ్వండి. మీరు నన్ను 'కామ్రేడ్' అని పిలిస్తే ఆఫీసంతా నవ్వుతాది, నాకు తెలుసు. దున్నేవాడిదే భూమి అయితే, వలేసేవాడివే నీళ్ళు ఎందుకు కాకూడదు? అభివృద్ధి ఎవరి కోసం, ఎవరిని ముంచి? ఇవేవీ నా మాటలు కావు. పుస్తకాల్లోవి, యూనివర్సిటీ గోడల మీదవి. నిన్న అవన్నీ నోటి దాకా వచ్చినాయి. ఇన్ని నినాదాలు వచ్చినోడికి 'ఆ పేజీ తప్పు' అనే మూడు మాటలు రాలేదు.

ప్రింటరోళ్ళ పొరపాటా? వద్దు సార్, అంత దూరం పోవద్దు. మన ఆఫీసులో ఫైళ్ళు చూసే మహిత చెప్పేసింది. ఆ రెండు పేజీలు తను ఫైల్లో చేర్చిందంట, ప్రింటుకు పోయే రోజు మీరే తీసెయ్యమన్నారంట. ఆ పిల్లను ఏమనద్దు, నేనే గుచ్చి గుచ్చి అడిగినాను.

అవును, దిద్దుబాటు పెడితే సర్వే మళ్ళీ చెయ్యాల. పల్లెల వంతులన్నీ తిరిగి వచ్చేదాకా ఆగాల. కంపెనీ ఆగదు. మరి పెంచలయ్య మూడేండ్లు ఆగాలా? ఆయన్ని ఆగమనేటప్పుడు మనకెవురికీ తొందర గుర్తు రాదు.

ఏమన్నారు? 'ఆ పేజీ కింద సంతకం నీదే' అనా. నాదే. నేను అనుమతులిచ్చే కమిటీకి రాస్తే మొదట నా ఎనిమిదేళ్ళే లెక్క అడుగుతారు. ఇంక ఈ ఫీల్డులో ఎవురూ నన్ను తీసుకోరు. నిన్నటి నించి అదే ఆలోచిస్తా ఉండాను.

మా నాయన బడే సాహెబ్ నగరిలో మరమగ్గాల మధ్య ముప్పై ఏళ్ళు నిలబడి నన్ను చదివించినాడు. రిపోర్టు ప్రింటుకు పోకముందే, నా బయోడేటా ఉన్న పేజీ ఇంటికి పంపినాను. మా చెల్లెలు రుక్సానా చేత చదివించుకున్నాడంట. 'ఎనిమిదేళ్ళు' దగ్గర చెయ్యెత్తి ఆపి, 'ఎట్ల?' అన్నాడంట. 'ఆఫీసోళ్ళు అట్లే లెక్కేస్తారు నాయనా' అనిందంట తను. సాయంత్రం చుట్టాలొస్తే మళ్ళీ చదవమన్నాడు. ఆ ఒక్క లైను వదిలేసి చదవమన్నాడు.

ఎనిమిది అని మీరు రాయమనలేదు సార్, నిజమే చెప్తాను. 'అనుభవం ఏడేళ్ళు దాటాల, రూలు' అన్నారు, అంతే. టైపు చేసింది నేను. ఏడున్నర కూడా పెట్టుండచ్చు. ఎనిమిదయితే చూడను బాగుంటాదని ఎనిమిది పెట్టినాను.

ఇంకొకటి ఉండాది. వంతుల సంగతి సర్వే అయిన రెండు నెలలకు తెలిసిందని జనవరిలో మీతో చెప్పినాను. అబద్ధం. మూడో రోజు సాయంత్రమే తెలుసు. పల్లె రేవులో పడవను గట్టుకు ఆనిస్తా పెంచలయ్య చెప్పినాడు. "రేపట్నించి మా వంతు. ఉండి చూసి పో అప్పా. నీళ్ళు కనపడవు, పడవలే కనపడతాయి" అన్నాడు.

విన్నాను. ఫారంలో నాలుగో రోజుకు గడి లేదు. సూళ్ళూరుపేటలో ఎనిమిదిన్నరకు తిరుపతి బస్సు ఉండాది. "మళ్ళీ వస్తాలే" అని దిగిపోయినాను. నన్ను ఎవురూ బెదిరించలేదు. ఎవురూ కొనలేదు. మీరు ఫోను కూడా చెయ్యలేదు. ఇంటికి పోవాలనిపించింది, పోయినాను. రెండు నెలలు నోరు మూసుకోని, పట్టలేక మీ దగ్గరికొచ్చి దిద్దుబాటు అన్నాను.

ఇదంతా రాసినాను. బస్సు సంగతి కూడా. ఇది మీ కాపీ, చదవండి. జేబులో పెట్టుకున్నా పరవాలేదు, కమిటీకి పోయే కాపీ నా దగ్గర ఉండాది. కమిటీ పదిహేడో తేదీ కూచుంటాది. నలభై రెండో పేజీ చెల్లదు, సర్వే మళ్ళీ చేస్తామని మీ సంతకంతో మీరే రాస్తే, అది రిపోర్టులో దొర్లిన పొరపాటు కిందే పోతుంది. మీరు రాయకపోతే నా కాగితం కమిటీకి పోతుంది. అప్పుడు నా ఎనిమిదేళ్ళూ పోతాయి, మీ ముప్పై ఒక్కేళ్ళూ పోతాయి. నాకు భయం లేదని చెప్పను, ఉండాది.

రిజైన్ చెయ్యను సార్. మీరు తీసెయ్యాలంటే తీసెయ్యండి. మార్చి పదమూడు, శుక్రవారం, సాయంత్రం నాలుగు దాకా ఈ ఆఫీసులోనే కూచోని మీ జవాబు కోసం చూస్తాను.