భూమిని ఆపిన డిస్కు బ్రేకు

"ఇంకో చాయ్ పొయ్యి రబియా బీ, చేతులింకా వణుకుతున్నయ్," అన్నాడు యాకయ్య, బస్సు స్టాపు దాకా వినపడేటట్టు.

ఆ గొంతు మా కోసం కాదని హోటల్లో అందరికీ తెలుసు. రోడ్డవతల సంచి పట్టుకుని తొర్రూరు బస్సు కోసం నిలబడ్డ ఆయన భార్య కనకమ్మ కోసం. దంతాలపల్లిలో ఆమె చెల్లెలింట్లో గృహప్రవేశం. పోయినసారి ఇద్దరూ బండి మీద వెళ్తే, ఆ పాత బండి చెల్లెలి వాకిట్లో ఆగకుండా గడ్డివాములోకి దూరింది. చుట్టాలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఇక ఆ బండి ఎక్కనని కనకమ్మ ఒట్టు పెట్టుకుంది. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని అదే వాకిట్లో ఠక్కున ఆగాలని యాకయ్య పంతం. అందుకే డ్రమ్ము బ్రేకు పీకించి, మా జఫర్‌గఢ్ మెకానిక్ ఇంతియాజ్ చేత ముందు చక్రానికి డిస్కు బ్రేకు వేయించాడు.

"నిన్న జనగామ పోయి వస్తున్ననా, అడ్డంగ బర్రె. బ్రేకును రెండు వేళ్లతోని గట్ల నొక్కిన. దాని ముక్కుకు, నా టైరుకు నడుమ జానెడు సందు!"

"గంతేనా?" అన్నాడు హీర్యా. తన తండా నుంచి పాలు పోయడానికి వచ్చి, కోతలు వినడానికి ఉండిపోయే మనిషి.

"గది మొదలేరా! జరంత దూరం పోంగనే పత్తి లారీ ఎదురొచ్చింది. మల్ల నొక్కిన. బండి ఆగింది గని దాని నీడ ఆగలే! నీడ ఉరుక్కుంట ముందుకు పోయి, బండి కనవడక పరేషానై ఎన్కకు మర్లొచ్చింది. లారీ మీది నుంచి ఎగిరిన పత్తి గాల్లనే నిలవడ్డది. ఏరి మల్ల లారీల ఏసిన."

"ఎందుకన్నా నీకా కష్టం?" అన్నాడు పక్క బెంచీ మీంచి ఇంతియాజ్.

"రైతు సొమ్ము గదనే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలు గేటు కాడ జర గట్టిగ నొక్కిన. అటు పోయే రైలు ఆగింది! డ్రైవరు దిగొచ్చి, 'అన్నా, జర ఇడువు, కాజీపేటల ఎదురు చూస్తున్నరు,' అని బతిలాడిండు. పాపమని ఇడిచిన."

యాకయ్య అబద్ధం ఆడడు, కోతలు కోస్తాడు. రెండూ ఒకటి కాదని మేమెప్పుడో ఒప్పుకున్నాం.

"ఇగ మన ఊరి మలుపు కాడ కుక్కపిల్ల. పానం గద! నాలుగు వేళ్లతోని నొక్కిన. గప్పుడు ఆగిందయ్యా..."

"ఏంది?"

"భూమి!"

రబియా బీ చాయ్ వడపోస్తూ ఆగిపోయింది. "యా అల్లా!"

"అవు రబియా బీ! భూమి తిరగకపోతే పొద్దెట్ల గుంకుతది? గా సెల్ టవరు మీదనే కూసున్నది. భూపాలపల్లి బొగ్గు బాయిల దిగినోళ్లకు షిఫ్టు అయిపోతలేదు. ఈడ పత్తి ఏరే ఆడోళ్లు కొంగులు బిగించి నా మీదికొచ్చిండ్రు. 'పొద్దు గుంకితేనే గద మేం ఇంటికి పోయేది, ఇడువయ్యా!' అని తిట్టని తిట్టు లేదు. ఇడిచిన. పొద్దు దబ్బున పడ్డది."

"నిన్న మా తండాల జర తొందరగనే చీకటైందిలే," అన్నాడు హీర్యా. హోటలంతా గొల్లుమంది.

యాకయ్య గొంతు ఇంకాస్త పెంచాడు. "బ్రేకంటే గదీ! నా చేతులతోని రోజూ తుడుస్త, అద్దం లెక్క మెరుస్తది. గింత బ్రేకుండంగ మనిషి బస్సుకు నిలవడుడేంది?"

కనకమ్మ రోడ్డు దాటి వచ్చింది. బండి చుట్టూ తిరిగి చూసింది. నవ్వు ఆపుకుంటూ సీటు మీద చెయ్యి కూడా వేసింది. యాకయ్య మొహం వెలిగిపోయింది. మాకూ సంతోషమే అయింది, నిజం.

తన పనితనం చూపిద్దామని ఇంతియాజ్ వంగి డిస్కు మీద వేలు రాశాడు. ఆ వేలు వాసన చూసుకున్నాడు.

"యాకయ్యన్నా, కొబ్బరినూనె వాసనేందే?"

"మెరవాలని జర రాస్తున్న. గొలుసుకు నూనె పెడ్తం, దీనికి పెట్టకపోతే ఎట్ల?"

ఇంతియాజ్ తల పట్టుకున్నాడు. "డిస్కుకు నూనె రాస్తే బ్రేకు పడ్తదా అన్నా? జారిపోతది! మరి ఇన్ని రోజులు బండి ఎట్ల ఆపుతున్నవ్?"

యాకయ్య మెల్లగా కాళ్లు బెంచీ కిందికి లాక్కున్నాడు. అప్పటికే అందరం చూసేశాం. రెండు చెప్పులకూ మడమల దగ్గర రబ్బరు రోడ్డుకు రాసుకుని పూర్తిగా అరిగిపోయింది.

"అందుకేనయ్యా నా నూనె సీసా ఎప్పుడు చూసినా ఖాళీ!" కనకమ్మ సీటు మీంచి చెయ్యి తీసేసింది. అంతలోనే బస్సు వచ్చింది. సంచి తీసుకుని ఎక్కేసింది.

"కనకా, జర ఆగే!"

బస్సు కదిలింది. కిటికీలోంచి కనకమ్మ తల బయటపెట్టింది.

"భూమినే ఆపినోనివి గద, గీ బస్సు ఆపరాదు!"

యాకయ్య చెప్పులు చేతపట్టుకుని బస్సు వెంట ఉరికాడు.