ఎర్ర ట్యాగు

అంటే, సన్మానమైతే గానీ నేను గుర్తు రాలేదన్నమాట. పన్నెండేళ్లు బావా. గుడివాడ నుంచి మొవ్వకి బస్సులు లేవా ఏంటి? ఆ కుర్చీలో కూర్చోకు, గ్రీజు ఉంది. ఈ స్టూలు మీద కూర్చో.

పని చేస్తూనే మాట్లాడతాను, ఏమీ అనుకోకు. దైవాధీనం గారి ఆయిల్ ఇంజను ఇది. కాలవలో నీళ్లు అడుగంటాయి, నారు ఎండిపోతోంది, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి.

కార్డు బాగుంది. 'హానరరీ లెఫ్టినెంట్ పూర్ణచంద్రరావు గారికి పౌరసన్మానం.' వక్తల్లో నా పేరు కూడా వేయించావే. 'వెంకట్రామయ్య, మాజీ నావికుడు.' మాజీ ఎట్లా అయ్యానో కూడా వేయించాల్సింది.

ఏం మాట్లాడమంటావు? నేవీ అంటే మన జనానికి ఫిరంగులూ తెల్ల బట్టలూ. ఫిరంగి తిరగాలంటే కరెంటు కావాలి, కరెంటుకి జనరేటరు, జనరేటరుకి డీజిల్ పంపు. ఆ పంపు కోసం స్టోర్సుకి కాగితం, స్టోర్సు నుంచి ఇంకోచోటికి కాగితం. అదొచ్చేదాకా ఓడ ఆగుతుందా? అందుకేగా మరమ్మతులో ఉన్న ఓడలోంచి విప్పి, బయల్దేరే ఓడకి బిగించేది. అందులో తప్పేం లేదు. పైవాళ్ల సంతకం ఉండాలి, విప్పినచోట ఎర్ర ట్యాగు కట్టాలి.

ఆ రోజు మరమ్మతులో ఉన్నది మన ఓడే. పైవాళ్ల సంతకం తర్వాత తెస్తానన్నావు. ఇంట్లో బావవే గానీ, ఓడలో నువ్వు నాకు చీఫ్‌వి. చీఫ్ విప్పమన్నాడు, విప్పాను. నా చేతులు నూనెగా ఉన్నాయని ట్యాగు నువ్వే రాశావు. ఏం తీశాం, ఏ ఓడకి, ఎవరు చెప్తే. కింద నీ పొట్టి సంతకం. తీగతో నేను కట్టాను. గుర్తుందా? ఎందుకుండదులే.

నాలుగో రోజే మన ఓడనీ బయల్దేరమంటారని ఎవరనుకున్నారు? కొత్త పంపు రాలేదు. ఓడ రేవులోనే ఉండిపోయింది. పంపు ఎవరు విప్పమన్నారని ఎంక్వైరీ పెట్టారు.

నువ్వు చెప్పింది ఒక్క ముక్క మర్చిపోలేదు. 'నాకు తెలీదు సార్. నన్నడక్కుండా విప్పేశాడు. కనీసం ట్యాగు కూడా కట్టలేదు.' నా పక్కనే నిలబడి హిందీలో చెప్పావు. తెలుగులో అయితే నోరు వచ్చేది కాదేమో.

పదిహేనేళ్లు నిండితే పింఛను. నన్ను పదమూడో ఏట ఇంటికి పంపారు. ఊళ్లో సామాను దొంగ అన్నారు. అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది, ఏం దొంగిలించావురా అని. ఏం చెప్పను?

ఆ డబ్బా ఇటివ్వు. నట్ల డబ్బా కాదు, దాని కింద బిస్కెట్ల డబ్బా. ఆఁ, అదే.

ఇదిగో. ఏంటలా చూస్తావు? నీ రాతేగా. ఇంకు వెలిసింది గానీ సంతకం తెలుస్తూనే ఉంది.

పంపు ఏదని చూడ్డానికి ఇంజనీరు ఆఫీసరు ఇంజను గదిలోకి దిగుతున్నాడనగానే ఊడదీసి జేబులో పెట్టుకుంది నేనే. పై సంతకం లేకుండా విప్పించావని తెలిస్తే నీ ప్రమోషన్ పోతుంది. మంగక్కకి అప్పుడు ఏడో నెల. ముందిది దాచేద్దాం, తర్వాత ఇద్దరం కూర్చుని ఏం చెప్పాలో అనుకుందాం అనుకున్నాను. నాకంటే ముందే నువ్వు నోరు విప్పావు.

ఆ ఎంక్వైరీ గదిలో కూడా ఇది నా జేబులోనే ఉంది బావా. బల్ల మీద పెట్టుంటే నువ్వు ఇంటికొచ్చేవాడివి, నేను ఓడలో ఉండేవాణ్ణి. అక్క కోసమే పెట్టలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నువ్వు అడుగుతావని చూశాను. ట్యాగు కట్టానని నీకు తెలుసు. అది లేదంటే ఎవరు తీశారో, ఎవరి కోసం తీశారో కూడా తెలుసు. 'ట్యాగు ఏం చేశావురా' అని ఒక్కసారి అడిగితే చాలు, నీ ముందే పొయ్యిలో పడేసేవాణ్ణి.

అడగలేదు. ఇవాళ కూడా కార్డు ఇచ్చావు గానీ అడగలేదు.

తీసుకెళ్తావా? వద్దా? సరే, డబ్బాలోనే ఉంటుంది.

వస్తాలే సన్మానానికి. అక్క ముందర ఖాళీ కుర్చీ ఎందుకు? మైకు ఇస్తే ఒక్క మాట చెప్తాను. మా బావ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందండీ అని.

కాస్త జరుగు బావా, హ్యాండిల్ తిప్పాలి.