గేటుకు అడ్డం పడ్డ నా కొత్త కారు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షులైన పెద్ద డాక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, నర్సమ్మలకు, నా ఆంబులెన్సు డ్రైవర్లకు, ఇందాక చొక్కాలు తడిసేలా నా కారును తోసి ఇంకా ఆయాసపడుతున్న మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ఈ ఆస్పత్రి బండ్ల ఇన్‌ఛార్జిగా ఇన్నేళ్లూ నేను మీ ప్రాణాలు తోడేసింది ఒక్క మాటతోనే: "ఆంబులెన్సు గేటుకు ఎవరి బండి అడ్డమున్నా గాలి తీసేస్తాను." అక్కడ బోర్డు రాయించింది నేనే. ఇవాళ దాని కిందే కారు ఆపిన మహానుభావుణ్నీ నేనే. ఆ మూల నా స్కూటరుది. పొద్దున్నే దాన్ని అక్కడ నిలబెట్టి, బయల్దేరే ప్రతి బండినీ చూసి పంపడం నాకు అలవాటు. స్కూటరు పట్టిన చోట కారు పట్టదని నిన్న కొన్న కారుకేం తెలుసు, నాకు తెలియాలి గానీ!

పోనీ, దిగి లోపలికి రావచ్చుగా? రాలేదు. ఈ ప్రసంగం ఒకసారి వల్లె వేద్దామని, ఇంజను ఆపేసి, ఫ్యానూ లైట్లూ పాటలూ వేసుకుని కూర్చున్నాను. పక్కన మా ఆవిడ, పాపం. నేను నా సేవల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కునుకు తీసింది. ముగింపుకు వచ్చేసరికి బ్యాటరీ కన్నుమూసింది. (నవ్వులు) అందుకే ఇప్పుడు క్లుప్తంగా మాట్లాడుతున్నాను.

సరిగ్గా అప్పుడే వెనక సైరన్. నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన ఒకామె కోసం మన బండి బయల్దేరింది. నా కారేమో ఆటోమేటిక్; బ్యాటరీ పోయేసరికి గేరు పార్కింగ్‌లోనే బిగుసుకుని చక్రాలను పట్టేసింది. సర్జన్ గారితో సహా అందరూ భుజం పట్టారు. కారు ఊగిందే తప్ప కదల్లేదు.

బ్రేకు తొక్కి పట్టి, గేరు పక్కనున్న చిన్న మూత ఊడదీసి, లోపల నొక్కితే గేరు న్యూట్రల్‌లోకి వస్తుంది. తెలియక కాదు, డ్రైవర్లకు నేర్పిందే నేను. కానీ అధ్యక్షా, కొత్త కారు! గీత పడుతుందేమోనని గోటితో సుతారంగా గీకుతున్నాను.

మా ఆవిడకు మెలకువ వచ్చింది. "ఏం చేస్తున్నారండీ?"

"గీత పడుతుందేమోనని..."

"అవతల మనిషి ప్రాణం మీదికొస్తే మీకు గీత గొడవా? జరగండి!" అంటూ కొప్పులోంచి పిన్ను లాగి మూత ఎగరగొట్టింది. "ఎక్కడ పొడవాలో చెప్పండి."

చెప్పాను. పొడిచింది. గేరు లాగాను, మీరు తోశారు, ఆంబులెన్సు వెళ్లింది.

నవ్వండి, ఫర్వాలేదు. నాకు మాత్రం సిగ్గుగా ఉంది. ఆ కాసేపు నాకు సైరన్ వినపడలేదు, మూతే కనపడింది. నా చోట ఇంకొకడుంటే నేను వాణ్ని బతకనిచ్చేవాణ్నా? నొప్పులొచ్చిన ఆమెను వేళకే తీసుకొచ్చారు. తల్లికీ బిడ్డకీ భయం లేదని డాక్టరమ్మ కబురు పంపారు. అది విన్నాకే ఈ మైకు ముందుకు రాగలిగాను. సభ ఆలస్యమైంది అందుకే, మన్నించండి.

తోసిన చేతులకూ, ఆ పిన్నుకూ కృతజ్ఞతలు. ఉద్యోగం వదిలాను గానీ ఆ గేటు వదలడం నా వల్ల అయ్యేలా లేదు. రేపు పొద్దున్నే అలవాటు కొద్దీ మళ్లీ ఆ మూలకే వచ్చి నిలబడతానేమో. వస్తే మొహమాటపడకండి, న్యూట్రల్‌లో వేసి తోసెయ్యండి. ఎలా తొయ్యాలో ఇవాళ అందరూ నేర్చుకున్నారుగా. సెలవు.